పద్నాలుగు వేల అడుగులు

"మళ్ళీ చదువు" అంది అత్తగారు.

పొట్టి మూడోసారి కాగితం విప్పింది. ఇంట్లో ఉన్న నలుగురిలోకీ పొడుగు ఆ పిల్లే. అయినా పసితనంలో అంటుకున్న పేరు కాలేజీకి వెళ్ళాక కూడా వదల్లేదు.

"'సగటున రోజుకు పద్నాలుగు వేల మూడు వందల అడుగులు. నడక మిక్కిలి సంతృప్తికరం. అయితే గుండె లయ తరచుగా తప్పుతున్నట్టు, విశ్రాంతి వేళ నిమిషానికి ముప్పై ఎనిమిదికి పడిపోతున్నట్టు చేతి బ్యాండు నమోదు చేసింది. కనుక బస్సు నడిపేందుకు అనుమతి నిలిపివేయడమైనది. రేపు మధ్యాహ్నం రెండు గంటలకు సంస్థ ఆసుపత్రిలో హాజరు కావలెను.' అంతే నానమ్మా. కింద డాక్టర్ సంతకం."

"ముప్పై ఎనిమిదంటే తక్కువా?"

"మామూలుగా డెబ్బై దాకా ఉండాలి."

"అంటే సగమే కొట్టుకుంటోందా!" అత్తగారు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "వద్దురా, అంత నడక నడవకురా అని నెత్తీ నోరూ కొట్టుకున్నానా? విన్నాడా? పొద్దున్నే బూట్లు వేసుకుని పోయేవాడు, ఎండెక్కితే గానీ వచ్చేవాడు కాదు. ఉన్న గుండె కాస్తా అరగదీసుకున్నాడు."

డ్రైవరు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి. కుర్చీలో కూర్చున్నా చేతులు రెండూ ముందుకు పెట్టుకునే కూర్చుంటాడు.

"మిషన్ తప్పు" అన్నాడు.

"ఏ మిషన్?"

"చేతి గడియారమే. నాకేం కాలేదు. దిట్టంగా ఉన్నాను."

"అదేంటి నాన్నా" అంది పొట్టి. "అడుగులు చెప్పిన మిషనే గుండె సంగతీ చెప్పింది. అడుగులు ఒప్పు, గుండె తప్పా?"

ఆయన కిటికీలోంచి వీధి కేసి చూశాడు.

"అయినా నాకు ఆ అడుగుల మీదే అనుమానం. మా కాలేజీలో పరుగుపందేలకి వెళ్ళే అబ్బాయికే రోజుకి పదకొండు వేలు దాటవు. నువ్వు పద్నాలుగు వేలు. ఆదివారం ఒక్కరోజు మాత్రం రెండు వేలు. ప్రతి ఆదివారమూ అంతే. వారానికో సెలవు తీసుకుంటావా నడకకి?"

"పెద్దంతరం చిన్నంతరం లేదా నీకు? తండ్రిని పట్టుకుని పోలీసులా ఆ ప్రశ్నలేంటి?" అని కసిరాడు డ్రైవరు.

"ఊరుకోవే పొట్టీ" అంది అత్తగారు. "అసలే గుండె సగం కొట్టుకుంటోంది వాడికి."

గుమ్మం దగ్గర డ్రైవరు భార్య మడతక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆమె పనిచేసే పెద్ద హోటలు బట్టల గదిలో పిల్లలు పెట్టిన పేరది. ఆమె మడతపెట్టిన దుప్పటి అంచులు కొలబద్ద పెట్టి చూసినా తేడా రావు. ఇప్పుడు చేతిలో తువ్వాలు ఉంది. దాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

ఆ ముప్పై ఎనిమిదీ తనదని మొదటిసారి చదివినప్పుడే ఆమెకి తెలిసిపోయింది.

భయం వస్తుందని చూసింది. రాలేదు. ఏడుపు వస్తుందేమో అనుకుంది. అదీ రాలేదు. లోపల ఎక్కడో మొద్దుబారిపోయింది, పన్ను పీకించుకున్నాక దవడ ఉన్నట్టు. తువ్వాలు మడతల మీద పెట్టి, ఇంకో తువ్వాలు తీసుకుంది.

జరిగిందేమిటంటే, నాలుగు నెలల కింద డ్రైవరుకి డిపో మెట్ల మీద గుండెనొప్పి వచ్చింది. స్టెంటు వేశారు. రోజుకి ఎనిమిది వేల అడుగుల చొప్పున నాలుగు వారాలు నడిచి చూపిస్తే తప్ప స్టీరింగు ముట్టుకోనివ్వమని చెప్పి, సంస్థ ఆసుపత్రి వాళ్ళు చేతికి ఆ బ్యాండు కట్టి పంపించారు. ఆయన రెండు రోజులు నడిచాడు. మూడో రోజు వీధి మలుపు దాకా వెళ్ళి, గుండె దడదడలాడిందని గోడ పట్టుకుని నిలబడిపోయి, చెమటలు కక్కుతూ వెనక్కొచ్చాడు. "ఇవాళ్టి ఒక్క రోజుకీ నీ చేతికి పెట్టుకోవే" అన్నాడు. ఆ గొంతులో అంత దిగులు ఆమె ఎప్పుడూ వినలేదు. పెట్టుకుంది.

ఆ ఒక్క రోజే ఇరవై ఆరు రోజులయింది.

మడతక్క పనిలో అంగుళం కదలదు. బల్ల ముందు నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఇస్త్రీపెట్టె అటోసారి, ఇటోసారి. ఆ గడియారం వెర్రిబాగులది. చెయ్యి ఊగితే చాలు, కాలు కదిలిందనుకుంటుంది. మొదటి సాయంత్రం పదమూడు వేలు చూసి మొగుడూ పెళ్ళాలిద్దరూ నోరు వెళ్ళబెట్టారు. అంత అక్కర్లేదు, తగ్గించమన్నాడాయన. దుప్పట్లు తగ్గించమని హోటలుకి ఎవరు చెప్తారు? ఆదివారం ఒక్కటే ఆమెకి సెలవు.

అంతటితో ఆగినా బాగుండేది. డిపోలో ప్రతి వారం ఎవరెంత నడిచారో గోడకి అంటిస్తారు. మూడు వారాలుగా పైన డ్రైవరు పేరే ఉంది. తోటి డ్రైవర్లు ఆయనకి "నడకరాయుడు" అని బిరుదు కూడా ఇచ్చేశారు. నడకరాయుడేమో పొద్దున్నే బూట్లు బిగించుకుని, వీధి చివర మంగలి షాపు బెంచీ మీద ఆ పూట పేపరంతా చదివి, వచ్చిన దారినే ఇంటికొచ్చేవాడు.

పొద్దున్నే పెట్టుకోవడం మర్చిపోతే ఎలా అని రాత్రిళ్ళూ ఆమె చేతికే ఉండనిచ్చాడు. పనిలో బట్టల మీద ఆయన పాత యూనిఫాం చొక్కా తొడుక్కుంటుంది కాబట్టి పొడుగు చేతి కింద గడియారం ఎవరికీ కనపడలేదు. సాయంత్రం పొట్టి ఇంటికొచ్చే వేళకి ఆయన చేతికి మారేది, పడుకునే ముందు మళ్ళీ ఆమె చేతికి వచ్చేది. దాని అడుగున పచ్చగా మినుకుమినుకుమనే లైటు చార్జింగు లైటని ఇద్దరూ అనుకున్నారు. అది నాడి చూస్తుందని, చూసింది చూసినట్టు ఆసుపత్రికి పంపిస్తుందని ఎవరికి తెలుసు?

వంటగదిలో ఆమె టీ పెడుతుంటే ఆయన వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు.

ఇద్దరూ పొయ్యి మీద గిన్నె కేసే చూశారు.

"ఆ గడియారం ఇన్నాళ్ళూ నా చేతికే ఉందండీ" అంది మడతక్క. "పగలూ రాత్రీ."

"తెలుసు."

"అయితే అది..."

"తెలుసన్నానుగా."

టీ పొంగింది. మంట తగ్గించింది. ఆయన ఏదో అంటాడని చూసింది. ఏమనాలో ఆమెకీ తెలీదు. పెద్ద మాటలేం అక్కర్లేదు. "నీకెలా ఉందే?" అంటే చాలు.

"రేపు అక్కడ నాకు కొత్తగా పరీక్ష చేయిస్తాను" అన్నాడు. "నాది బాగానే ఉంటుంది. ఉండకేం చేస్తుంది, మందులు మింగుతున్నానుగా. అప్పుడు మిషన్ తప్పని వాళ్ళే ఒప్పుకుంటారు."

"నాది?"

"నీకేంటే, గుండ్రాయిలా ఉంటావు. ఒక్క రోజు మంచమెక్కావా ఈ ఇంటికొచ్చాక?"

"ఎక్కలేదు."

"మరి? వేడిలో నిలబడి చేసే పని. మిషన్ తిక్కతిక్కగా చూపించి ఉంటుంది."

"ఈ మధ్య కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఆవిరి వల్ల అనుకున్నా."

"ఆవిరి వల్లే."

ఆయన గ్లాసు తీసుకున్నాడు. "చూడు" అన్నాడు, గొంతు తగ్గించి. "బ్యాండు మార్చామని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఊడటమే కాదు, దొంగ లెక్క చూపించాడని అదే గోడకి అంటిస్తారు. బస్సు తప్ప నాకేం వచ్చు? నాలుగు నెలల్నుంచి ఆ కుర్చీలో కూర్చుని ఉన్నాను. పొద్దున్నే నా బస్సు చప్పుడు ఈ వీధిలోంచి పోతుంటే, ఇంకెవడో గేరు మారుస్తుంటే... నీకు తెలీదు."

ఆమెకి తెలుసు. ఆ చప్పుడు వినపడ్డప్పుడల్లా ఆయన అటువైపు తిరిగి పడుకోవడం నాలుగు నెలలుగా చూస్తూనే ఉంది. జాలి వేసింది. ఆ జాలి కూడా ఎవరి మీదో పక్కింటి వాళ్ళ మీద వేసినట్టు వేసింది.

"టీ చల్లారిపోతోంది" అంది.

మర్నాడు పొద్దున సగం పూట పనికి వెళ్ళింది. బట్టల గదిలో ఎప్పటి హోరే. పెద్ద డ్రమ్ములు తిరుగుతున్నాయి, పైపుల్లోంచి ఆవిరి చిమ్ముతోంది. మడతక్క తన బల్ల ముందు నిలబడి, చొక్కా చెయ్యి పైకి మడిచి, గడియారం కేసి చూసింది. నాలుగు వందల పన్నెండు. పది దుప్పట్లు చేసింది. కాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. మళ్ళీ చూసింది. తొమ్మిది వందల ఎనభై.

ఉన్నచోటునే ఉండి ఐదు వందల అరవై ఎనిమిది అడుగులు వేసింది. ఎక్కడికి వెళ్ళినట్టు? ఇరవై ఆరు రోజుల్లో ఆ గడియారం లెక్కన ఎన్ని ఊళ్ళు దాటి ఉండాలి తను! నవ్వొచ్చింది. పెదవుల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

గడియారం అద్దం మీద వేలితో పక్కకి తోస్తే గుండె బొమ్మ వస్తుందని నిన్న పొట్టి వాళ్ళ నాన్నకి చూపిస్తుంటే చూసింది. తోసింది. నలభై ఒకటి. చూస్తుండగానే నూట ముప్పై. మళ్ళీ నలభై నాలుగు. ఇదంతా తన లోపలే జరుగుతోందా? ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. ఏమీ తెలియలేదు.

తర్వాతి దుప్పటి పరిచింది. తెల్లటి దుప్పటి మీద నల్లటి చుక్కలు కనపడ్డాయి. మరకలనుకుని చేత్తో తుడిచింది. అవి చేతి మీదికి వచ్చాయి. ఆ తర్వాత బల్ల అంచు పట్టుకుని నిలబడటం, పక్క బల్ల పిల్ల పరిగెత్తుకు రావడం తెలుస్తూనే ఉన్నాయి.

"మడతక్కా! కూర్చో, కూర్చో! మొహమేంటలా పాలిపోయింది? తిన్నావా పొద్దున?"

"తిన్నాను."

"మరేంటి? ఇది మూడోసారి ఈ వారంలో. నువ్వు లెక్కపెట్టుకున్నావో లేదో, నేను లెక్కపెడుతున్నా. ఎవరికైనా చూపించుకో అక్కా."

"ఇవాళ ఆసుపత్రికే వెళ్తున్నా."

"హమ్మయ్య! ఇప్పటికైనా బుద్ధొచ్చింది."

"మా ఆయనకి" అంది మడతక్క. లేచి ఇస్త్రీపెట్టె తీసుకుంది.

సంస్థ ఆసుపత్రి వరండాలోనే గడియారం చేతులు మారింది. డ్రైవరు దాన్ని ఎడమ చేతికి బిగించుకుని, చొక్కా చెయ్యి కిందికి లాగి, గుండీ పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ కళ్ళజోడు లోంచి ఓసారి, పైనుంచి ఓసారి ఆయన్ని చూసింది. నడి వయసావిడ. అనవసరంగా ఒక్క మాట కూడా మాట్లాడేలా లేదు. గుండె పరీక్ష చేయించింది. కాగితం బయటికి రాగానే కిటికీ వెలుగులో పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొస దాకా చదివింది.

"నడక బల్ల మీదికి ఎక్కండి" అంది.

డ్రైవరు మొహంలో నెత్తురు చుక్క లేదు. కాళ్ళ కింద కదిలే పట్టీ అది. దాని మీద నడవాల్సిందే, మంగలి షాపు దగ్గర ఆగడానికి వీల్లేదు. మడతక్క ఆయన బూట్ల కేసే చూసింది. మొదటి నాలుగు అడుగులూ తడబడ్డాయి. రెండు చేతులతో కమ్మీని పట్టుకున్నాడు, బ్రేకులు పడని బస్సులో కూర్చున్నట్టు.

"చేతులు వదిలెయ్యండి."

వదిలాడు. నడిచాడు. ఆయాసపడ్డాడు. చెమట పట్టింది. పడలేదు. గుండె ఆగలేదు. తొమ్మిది నిమిషాలయ్యాక పట్టీ నెమ్మదించి నిలబడింది. ఆయన దిగి, తన కాళ్ళ కేసి తనే చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వేశాడు.

"నడిచానే!" అన్నాడు భార్యతో. అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

డాక్టరమ్మ ఆ మాట విన్నదో లేదో గానీ కుర్చీ ముందుకి లాక్కుంది.

"మీ గుండె బాగుంది. రాసిస్తాను. కానీ నాకో సంగతి అర్థం కావటం లేదు. రోజుకి పద్నాలుగు వేల అడుగులు నడిచే మనిషి తొమ్మిది నిమిషాలకే ఇంత ఆయాసపడడు."

"ఏసీ పడదు మేడమ్ నాకు."

"అడుగుల లెక్క సరే. వీటిని నేనూ నమ్మను. కూర్చుని చప్పట్లు కొట్టినా అడుగులే అంటాయి. నాడి విషయంలోనూ ఒకరోజు పొరపడితే పడొచ్చు. ఇరవై ఆరు రోజులు, ఒకేలాగ? మొదటి రెండు రోజులూ నాడి మామూలుగా ఉంది, అడుగులు తొమ్మిది వందలు. మూడో రోజు నుంచి నాడి వేరు, అడుగులు వేరు. మనిషే వేరు." ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ బ్యాండు మీ ఇంట్లో ఇంకెవరైనా పెట్టుకున్నారా?"

డ్రైవరు చొక్కా చెయ్యి ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

"నేను పోలీసుని కాదు" అంది డాక్టరమ్మ. "కానీ నాకు తెలిస్తే పైకి రాయక తప్పదు, అదీ ముందే చెప్తున్నాను. ఎందుకు అడుగుతున్నానంటే, ఇది ఎవరో ఒకరి గుండె. వాళ్ళు ఎప్పుడు, ఎక్కడ పడిపోతారో చెప్పలేం. మెట్ల మీద కావచ్చు, పొయ్యి దగ్గర కావచ్చు. చిన్న పరికరం అమరిస్తే హాయిగా బతికే మనుషులు, చూపించుకోక ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఆలస్యం చెయ్యకూడదు."

మడతక్క మొగుడి కేసి చూసింది. ఆయన చెప్పేస్తాడనుకుంది. నిజంగానే అనుకుంది. ఇరవై నాలుగేళ్ళ కాపురం. ఆయన చెప్తే తను పక్కన నిలబడుతుంది, ఉద్యోగం పోతే పోతుంది, ఇద్దరూ కలిసి తలదించుకుంటారు, కలిసే ఎత్తుకుంటారు. ఆయన నోరు తెరిచాడు.

"ఎవరూ పెట్టుకోలేదు మేడమ్" అన్నాడు. "మిషన్ తప్పు."

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

ఆయన బూటు ఆమె పాదాన్ని తాకింది. తొక్కలేదు. తాకి అక్కడే ఉంది.

"ఆయన చెప్పిందే" అంది మడతక్క.

తన గొంతు తనకే పక్క గదిలోంచి వినపడ్డట్టుంది. డాక్టరమ్మ ఇంకాసేపు ఆమెనే చూసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, బ్యాండు విప్పించి, ఒక కవర్లో వేసి సొరుగులో పెట్టింది. కాగితం మీద ముద్ర పడింది. సోమవారం నుంచి డ్యూటీ.

బయట పొడుగాటి వరండాలో డ్రైవరు ముందు నడుస్తున్నాడు. మామూలు నడక కాదు, అంగలేస్తున్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అమ్మా, అయిపోయింది! సోమవారం నుంచి! మిషన్ తప్పని వాళ్ళే ఒప్పుకున్నారు. నా గుండె గుర్రం లాగుందన్నారు. ఆ... ఆ... పొట్టికి చెప్పు, పోలీసులా ప్రశ్నలేసిందిగా!"

ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి చూశాడు. ఆమె నాలుగు కుర్చీల వెనక ఆగిపోయి, గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"ఏంటే? రా. బస్సు వచ్చే టైమయింది."

"నా సంగతేంటండీ?"

ఆయన అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చాడు. "నెమ్మదిగా మాట్లాడు. చూపిద్దాంలే. ఎక్కడికి పోతావు? ఓ నెల పోనీ, నేను డ్యూటీలో కుదురుకోనీ. ఆ తర్వాత వేరే ఎక్కడైనా, మనల్ని ఎరగని చోట చూపిద్దాం. ఇక్కడైతే ఇట్టే పట్టేస్తారు, అదే నాడి కదా."

"ఆలస్యం చెయ్యకూడదందిగా డాక్టరమ్మ."

"ఆవిడ ఆ మాట నాతో అంది. నీతో కాదు."

అన్నాక ఆయనకీ తెలిసినట్టుంది, ఏమన్నాడో. కాలరు సర్దుకున్నాడు. "అది కాదే. నా ఉద్దేశం..." అని ఆగాడు. ఉద్దేశం ఏమిటో తోచలేదు. "గడియారం పోయిందిగా ఇంక. ఆ అంకెలు చూడకపోతే భయం అదే పోతుంది. నాకూ ముందు అలాగే ఉండేది."

"నాకు భయంగా లేదండీ" అంది మడతక్క. "అదే నాకు అర్థం కావటం లేదు. భయం వెయ్యాలి కదా?"

గేటు బయట బస్సు హారను వినపడింది. ఆ హారను ఏ బస్సుదో ఆయనకి తెలుసు. "అదుగో, నా బస్సే. పద పద" అంటూ నాలుగు అంగల్లో మెట్ల దాకా వెళ్ళాడు.

మడతక్క అటు వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో అడిగితే చెప్పలేకపోయేది. కోపం రాలేదు, మొండితనం ఎన్నడూ లేదు. కాళ్ళు ఇటు తిరిగాయి, అంతే. చీటీల కిటికీ దగ్గర ఇద్దరున్నారు. వాళ్ళ వెనక నిలబడింది. ముందున్న ముసలాయన పని అయింది. తర్వాత పసిపిల్లని ఎత్తుకున్న ఆవిడది అయింది. కిటికీ వెనక అమ్మాయి తలెత్తకుండానే పెన్ను తీసింది.

"ఉద్యోగి నంబరు?"

చెప్పింది. మొగుడి నంబరు ఆమెకి నిద్రలో లేపి అడిగినా వచ్చు.

"చూపించేది ఎవరికి? ఆయనకేనా?"

ఆ నంబరు మీద అత్తగారి కళ్ళకి చీటీ రాయించింది. పొట్టి జ్వరాలకి రాయించింది. మొగుడి గుండెకి లెక్కలేనన్నిసార్లు రాయించింది.

"నాకు" అంది.

అమ్మాయి రాసుకుంది. "ఏంటి ఇబ్బంది?"

"గుండె."

పెన్ను ఆగింది. అమ్మాయి అప్పుడు తలెత్తి చూసింది. "ఇంతకుముందు ఇక్కడ చూపించారా? రిపోర్టులేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి. ఇరవై ఆరు రోజులవి. డాక్టరమ్మ సొరుగులో ఉన్నాయి."

"మీ పేరు మీదా?"

వెనక మెట్ల మీద బూట్ల చప్పుడు. ఆమెని వెతుక్కుంటూ తిరిగొస్తున్న చప్పుడు. గేటు బయట బస్సు ఇంకా ఆగే ఉంది. బూట్లు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి. ఆయన చేతిలో ముద్ర వేసిన కాగితం ఉంది.

"సరే, అది తర్వాత చూద్దాం. గుండె కేసు, ఒంటరిగా లోపలికి పంపించం" అంది అమ్మాయి. "మీతో ఎవరొచ్చారు?"

మడతక్క వెనక్కి తిరిగింది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికీ కాదు, బయటికీ కాదు. హారను రెండోసారి మోగింది.

"నాకు తెలీదమ్మా" అంది. "ఆయన్నే అడుగు."